ప్రధానోపాధ్యాయులు బడిలో లేని రోజు

ఒక ఉన్నత పాఠశాలలో నాయకత్వం ఎలా ఉందో తెలుసుకోదలచినవారు ప్రధానోపాధ్యాయులు తన గదిలో ఉన్న రోజున కాకుండా, ఆయన మండల కేంద్రానికి సమావేశానికి వెళ్లిన రోజున ఆ బడికి వెళ్లి చూడాలి. ప్రార్థన వేళకు మొదలైందా, సెలవు పెట్టిన ఉపాధ్యాయుల పీరియడ్లను ఎవరు సర్దారు, మధ్యాహ్న భోజనానికి బియ్యం ఎవరు తూచి ఇచ్చారు, ఒళ్లు కాలిపోతూ బడికి వచ్చిన పిల్లను ఇంటికి పంపాలా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాలా అన్నది ఎవరు తేల్చారు అన్న నాలుగు సంగతులు గమనిస్తే చాలు, మిగతాదంతా అర్థమవుతుంది. "సార్ వచ్చినంక చూద్దాం" అనే మాట ఆ రోజు ఎంత ఎక్కువగా వినిపిస్తే, అక్కడ నాయకత్వం అంత పలచగా ఉన్నట్టు లెక్క. హనుమకొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే స్కూల్ అసిస్టెంటును నేను. అంతకుముందు పాత వరంగల్ జిల్లాలోని మరికొన్ని బడుల్లో వేర్వేరు ప్రధానోపాధ్యాయుల వద్ద పనిచేశాను. ఆ అనుభవంలో నుంచి, బడిలో నాయకత్వ బృందం ఎలా ఏర్పడుతుంది, ఎందుకు ఏర్పడకుండా పోతుంది అన్న విషయం గురించి కాస్త వివరంగా రాయాలనుకుంటున్నాను.

ప్రధానోపాధ్యాయులు బడిలో లేకపోవడం అన్నది మన దగ్గర అరుదైన సంగతి కాదు, ఆయన బాధ్యతారాహిత్యమూ కాదు. తెలంగాణలో చాలా మండలాలకు ఏళ్ల తరబడి రెగ్యులర్ మండల విద్యాధికారులు లేరు. 2024లో ఆయా మండలాల్లోని సీనియర్ గెజిటెడ్ ప్రధానోపాధ్యాయులకే ఎంఈవోగా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించారు. ఎంఈవో కాని వారిలోనూ కొందరు కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయులుగా చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలను చూడాలి, అక్కడి సమావేశాలు నడపాలి. వీటికి తోడు జిల్లా కేంద్రంలో సమీక్షలు, ఖజానా కార్యాలయంలో బిల్లులు, బడికి వచ్చే పుస్తకాలు, యూనిఫాంల పంపకాలు ఉండనే ఉంటాయి. విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప వేరే బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడకూడదని చెబుతుంది. అయితే ఆ మినహాయింపులే చిన్నవి కావు. 2025 డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు శిక్షణ, సామగ్రి తీసుకోవడం, పోలింగు, లెక్కింపు అంటూ ఎంతమంది బడి నుంచి వెళ్లారో మండలాల్లో పనిచేసే వారందరికీ గుర్తుండే ఉంటుంది. ఇలాంటి పరిస్థితిలో అన్ని నిర్ణయాలూ ఒక్క కుర్చీ దగ్గరే ఆగిపోయే బడి ఏడాదిలో చెప్పుకోదగినంత కాలం నిర్ణయాలు లేకుండానే నడుస్తుంది. నాయకత్వ బృందం పెద్ద ప్రైవేటు విద్యాసంస్థలకు సంబంధించిన విషయమనీ, మన పల్లె బడికి అది అక్కర లేదనీ అనేవారితో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఇదే.

కాని మన బడి నిర్మాణంలో ఆ బృందానికి ముందుగా చోటు పెట్టి ఉంచలేదు. కేంద్రీయ విద్యాలయాల్లో వైస్ ప్రిన్సిపాల్ అనే పోస్టు ఉంది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మాత్రం పైన ఒక గెజిటెడ్ ప్రధానోపాధ్యాయులు ఉంటారు, ఆయన కింద అందరూ సమాన హోదాలో ఉన్న స్కూల్ అసిస్టెంట్లు ఉంటారు. వారి మధ్య తేడా అంటూ ఉంటే అది సీనియారిటీ జాబితాలోని వరుస మాత్రమే. ప్రధానోపాధ్యాయులు పదవీ విరమణ చేసినా, బదిలీ అయినా ఆ జాబితాలో మొదట ఉన్నవారికి ఇన్‌చార్జి బాధ్యత వస్తుంది. అప్పటివరకు బడి నడిపే పనిలో ఆ వ్యక్తికి ఏ అనుభవమూ ఉండనక్కర లేదు. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చక్కగా చెప్పిన మనిషి ఒక ఉదయాన బిల్లులు, క్యాష్ బుక్, సేవా పుస్తకాలు, తల్లిదండ్రుల ఫిర్యాదులు అన్నీ ఒక్కసారిగా ఎత్తుకోవలసి వస్తుంది. అందులో ఆ మనిషి తప్పు ఏమీ లేదు. నేర్చుకునే అవకాశం ముందుగా ఇవ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టే పద్ధతిలోనే లోపం ఉంది.

దీనికి జవాబుగా చాలామంది ప్రధానోపాధ్యాయులు జూన్‌లో మొదటి స్టాఫ్ మీటింగులోనే పనులన్నీ పంచేశామని చెబుతారు, అది నిజమే కూడా. పరీక్షల ఇన్‌చార్జి, మధ్యాహ్న భోజనం ఇన్‌చార్జి, బడి వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేసే యూడైస్ ఇన్‌చార్జి, గ్రంథాలయం, సైన్స్ ల్యాబ్, హరిత దళం, ఇన్‌స్పైర్ సైన్స్ పురస్కారాల నామినేషన్లు, ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకు పిల్లల తయారీ అంటూ పేర్లు చదివి, స్టాఫ్ ఆర్డర్ బుక్‌లో రాసి, అందరి సంతకాలూ తీసుకుంటారు. ఆ పంపకం వల్ల పని బరువు తగ్గుతుందే గాని నాయకత్వం పుట్టదు. ఎన్‌ఎంఎంఎస్ సంగతే చూడండి. ఎనిమిదో తరగతిలో రాసే ఆ పరీక్షలో ఎంపికైన పిల్లకు తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యే వరకు ఏడాదికి 12,000 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. కూలి చేసుకునే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. ఆ బాధ్యత తీసుకున్న ఉపాధ్యాయుడు పిల్లలను తయారు చేయాలంటే టైంటేబుల్‌లో వారానికి రెండు పీరియడ్లు కావాలి, నమూనా ప్రశ్నపత్రాల జిరాక్సుకు డబ్బు కావాలి, ఆదాయ ధ్రువపత్రాలు తెచ్చుకోని ఇళ్లకు ఫోన్ చేసి గట్టిగా చెప్పే అధికారం కావాలి. ఈ మూడింటికీ ప్రతిసారీ ప్రధానోపాధ్యాయుల గది ముందు నిలబడవలసి వస్తే, దరఖాస్తులు ఆన్‌లైన్‌లో పెట్టడం వరకే ఆయన పని పరిమితమవుతుంది. పనితో పాటు ఆ పనికి సంబంధించిన నిర్ణయం, సమయం, కొంత డబ్బు కలిపి ఇచ్చినప్పుడే ఇన్‌చార్జి అనే వ్యక్తి బృందంలో సభ్యుడవుతాడని నా అభిప్రాయం. ఈ మూడింటిలో ఒకటి తగ్గినా మిగతా రెండూ నిలబడవు.

డబ్బు మాట వచ్చింది కనుక ముందు దాని గురించే చెబుతాను, ఎందుకంటే స్టాఫ్ రూములో దీని గురించి ఎవరూ నోరు తెరిచి అడగరు. సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకు వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. వంద దాటి 250 మంది వరకు ఉన్న బడికి ఏడాదికి 50,000 రూపాయలు, ఆ పైన వెయ్యి మంది వరకు ఉంటే 75,000 రూపాయలు. అందులో కనీసం పది శాతం పారిశుధ్యానికి ఖర్చు చేయాలి. ఆటలకూ, గ్రంథాలయానికీ విడిగా గ్రాంటులు ఉన్నాయి. డబ్బు ఒకేసారి రాదు, వచ్చినా తరచు ఏడాది చివరికి వస్తుంది, వచ్చేసరికి సుద్దముక్కలకూ కరెంటు మరమ్మతుకూ అప్పు చేసిన మొత్తం సిద్ధంగా ఉంటుంది. అయినా సరే, వచ్చిన దాన్ని ఏ పద్దు కింద ఎంత వాడాలన్నది ప్రధానోపాధ్యాయులు ఒక్కరే నిర్ణయించి బిల్లుల మీద సంతకాలు అడగడానికీ, ఆ లెక్కను బృందం ముందు పెట్టి గ్రంథాలయం డబ్బుతో ఏ పుస్తకాలు కొనాలో తెలుగు మేడంనే తేల్చమనడానికీ చాలా తేడా ఉంది. మా బడిలో ఈ రెండో పద్ధతి మొదలైన తర్వాత వచ్చిన మార్పు నేను దగ్గరగా చూశాను. అంతకుముందు సరఫరాదారు ఇచ్చిన కట్ట అలాగే బీరువాలోకి వెళ్లేది. మేడం మాత్రం ఆరో తరగతి పిల్లలను కూర్చోబెట్టి వారు చదవగలిగినవేవో, చదవలేనివేవో చూసుకుని, పెద్ద అక్షరాలున్న కథల పుస్తకాలు ఎంచుకున్నారు. బీరువా తాళం కూడా తన దగ్గరే ఉంచుకుని, మధ్యాహ్నం భోజనం తర్వాత దాన్ని తీసి పెట్టే పని ఇద్దరు ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు అప్పగించారు. ఇందులో ప్రధానోపాధ్యాయులు చేసింది బిల్లు మీద సంతకం పెట్టడం మాత్రమే.

సమయం విషయానికి వస్తే, మన ప్రాంతంలో ఒక వాస్తవాన్ని ఒప్పుకోకుండా ఏ ప్రణాళికా పనికిరాదు. పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట, ములుగు దారుల్లోని బడుల్లో పనిచేసే ఉపాధ్యాయుల్లో చాలామంది హనుమకొండలోనే ఉంటారు. పిల్లల చదువులు అక్కడే, ఇల్లూ అక్కడే. నలుగురైదుగురు కలిసి ఒక కారు మాట్లాడుకోవడమో, ఫలానా బస్సు అందుకోవడమో చేస్తారు, చివరి గంట కొట్టగానే ఆ బండి కదులుతుంది. దీన్ని విమర్శించేవారు చాలామంది ఉన్నారు గాని, నేనూ ఆ కారులో ఒక సీటు వాడినే కాబట్టి విమర్శించే హక్కు నాకు లేదు. సాయంత్రం బడి అయ్యాక బృందం కూర్చుంటుందని కాగితం మీద రాసుకుంటే, మొదటి నెలలో ఒకసారి కూర్చుంటారు, తర్వాత ఎవరికో బస్సు వేళ అవుతుంది, ఆ తర్వాత ఆ సమావేశం ఉండదు. దీనికి పరిష్కారం టైంటేబుల్‌లోనే వెతకాలి. ఏడాది మొదట్లో టైంటేబుల్ వేసేటప్పుడే బృందంలో ఉన్న వారందరికీ వారంలో ఒక పీరియడ్ ఒకే వేళలో ఖాళీ వచ్చేలా చూసుకోవాలి. పది, పన్నెండు మంది సిబ్బంది ఉన్న బడిలో ఇది సులభం కాదు. ఐదుగురు ఒకేసారి ఖాళీగా ఉండాలంటే ఆ పీరియడ్‌లో తరగతులను ఎవరు చూస్తారన్న ప్రశ్న వస్తుంది. మేము బుధవారం ఆరో పీరియడ్‌ను ఎంచుకున్నాము. ఆ సమయంలో రెండు తరగతులు మైదానంలో ఉంటాయి, ఒక తరగతి గ్రంథాలయంలో ఉంటుంది, మిగతా వాటికి బృందంలో లేని ఉపాధ్యాయుల పీరియడ్లు పడ్డాయి. ఆ అమరిక కుదరడానికి టైంటేబుల్‌ను నాలుగైదుసార్లు చెరిపి వేయవలసి వచ్చింది. ఇంత తిప్పలు ఎందుకని అడిగిన సహోపాధ్యాయులు ఉన్నారు. నా ఉద్దేశంలో బృందం ఏర్పాటుకు సంబంధించిన పనుల్లో అత్యంత ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే కూర్చునే వేళ లేని బృందం ఆర్డర్ బుక్‌లో పేర్లుగానే మిగిలిపోతుంది.

ఆ నలభై నిమిషాల్లో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. దసరా సెలవుల తర్వాత మన దగ్గర పత్తి ఏరుడు మొదలవుతుంది. ఏనుమాముల మార్కెట్‌కు బండ్లు కదిలే ఆ నెలల్లో తొమ్మిదో తరగతి హాజరు పట్టికలో గైర్హాజరు గుర్తులు వరుసగా పడుతుంటాయి. పైగా కూలీలు దొరకని ఇంట్లో పెద్దపిల్ల ఒక మనిషి కూలి కింద లెక్క. పాత పద్ధతిలో ఈ సంగతి నెలాఖరులో హాజరు శాతం లెక్క కట్టినప్పుడు తెలిసేది. ప్రధానోపాధ్యాయులు తరగతి ఉపాధ్యాయుడిని అడిగేవారు, ఆయన "చెప్పి చూసినం సార్, పంపుత లేరు" అనేవారు, దాంతో అది ముగిసేది. ఇప్పుడు బుధవారం బృందం ముందు హాజరు పట్టికలు తెరిచి పెడతారు. విద్యార్థి సంక్షేమం చూసే జీవశాస్త్రం మేడం వరుసగా మూడు రోజులు రానివారి పేర్లను విడిగా ఒక నోటుబుక్కులో రాసుకుని వస్తారు. పోయిన ఏడాది ఆ పేర్లు చదువుతున్నప్పుడు ఒక సంగతి బయటపడింది. రానివారిలో ఎక్కువమంది ఒకే వాడకు చెందినవారు, వారందరూ ఒకే మేస్త్రీతో ఒకే ఆటోలో పోతున్నారు. ఒక్కొక్క తరగతి ఉపాధ్యాయుడికి విడిగా తన తరగతిలోని ఇద్దరు, ముగ్గురు మాత్రమే కనిపిస్తారు కాబట్టి ఇది ఎవరికీ తెలియలేదు. ఆ రోజు ప్రధానోపాధ్యాయులు ఎంఈవో కార్యాలయంలో ఉన్నారు. ఆయన కోసం ఆగకుండా మేడం, వ్యాయామం నేర్పే పీఈటీ సార్ కలిసి మరునాడు పొద్దున బడికంటే ముందే ఆ వాడకు వెళ్లారు. తల్లిదండ్రులతో కాకుండా ముందు ఆ మేస్త్రీతోనే మాట్లాడారు. ఆయన మనవడు కూడా మా బడిలోనే ఏడో తరగతి. పిల్లలను ఆటో ఎక్కించుకోనని ఆయన అన్న మాట సగం నిలబడింది. ఆదివారాలు, పండుగ సెలవుల్లో వారు పోతూనే ఉన్నారు, దాన్ని ఆపడం మా చేతుల్లో లేదు. కానీ బడి రోజుల్లో ఆ వాడ పిల్లలు చాలావరకు తిరిగి వచ్చారు. ప్రధానోపాధ్యాయులకు ఈ సంగతి పని అయిపోయిన తర్వాత చెప్పారు. ఆయన "నాకెందుకు ముందు చెప్పలే" అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ మేడం మరోసారి అలా వెళ్లేవారు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

బృందంలో ఎవరు ఉండాలి అన్నది నిజానికి ఎక్కువ గొడవలు తెచ్చే ప్రశ్న. సీనియారిటీని పూర్తిగా పక్కన పెట్టి చురుకైన వారిని మాత్రమే తీసుకుంటే, పెద్దవారు మొహం ముడుచుకుంటారు. రేపు ఇన్‌చార్జి బాధ్యత వచ్చేది వారికే కనుక వారిని బయట ఉంచడం తెలివైన పని కూడా కాదు. సీనియారిటీనే కొలమానంగా పెట్టుకుంటే బృందం స్టాఫ్ మీటింగుకు నకలుగా మారుతుంది. మా ప్రధానోపాధ్యాయులు సీనియర్ స్కూల్ అసిస్టెంటును విద్యా విషయాలకూ టైంటేబుల్‌కూ పెట్టారు, పరీక్షలూ రికార్డులూ నాకు ఇచ్చారు, హాజరూ ఆడపిల్లల సంక్షేమమూ జీవశాస్త్రం మేడంకు, మైదానమూ క్రమశిక్షణా పీఈటీ సార్‌కు అప్పగించారు. ఐదో స్థానం 2024 డీఎస్సీలో ఎంపికై వచ్చిన ఆంగ్ల ఉపాధ్యాయురాలికి ఇచ్చారు. కొత్తగా వచ్చిన వారికి మన బడుల్లో సాధారణంగా దక్కే గౌరవం ఆన్‌లైన్ పనులన్నీ వారి నెత్తిన పెట్టడం. వయసులో చిన్నవారికి ఫోన్ బాగా తెలుసన్నదే దానికి మా స్టాఫ్ రూముల్లో చెప్పే న్యాయం. యూడైస్, పిల్లలకు ఇచ్చే అపార్ గుర్తింపు నంబర్లు, ముఖ గుర్తింపు హాజరు, మధ్యాహ్న భోజనం యాప్ అన్నీ ఒక్కరి ఫోన్‌కు వచ్చే ఓటీపీల మీద నడిచే బడిలో, ఆ ఒక్కరికి జ్వరం వస్తే బడికే జ్వరం వచ్చినట్టు అవుతుంది. అందుకని లాగిన్ వివరాలు బృందంలో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలనీ, నెలకోసారి ఆ పని రెండో వ్యక్తి చేయాలనీ నిర్ణయించారు. ఆ ఉపాధ్యాయురాలిని బృందంలోకి తీసుకున్నది డేటా ఎంట్రీ కోసం కాదు. ఆమె ఆరో తరగతి పిల్లల పఠన స్థాయిని పరీక్షించి తయారు చేసిన పట్టిక చూసి తీసుకున్నారు.

ఇక్కడ ఉపాధ్యాయ సంఘాల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ప్రతి స్టాఫ్ రూములోనూ రెండు, మూడు సంఘాల సభ్యత్వాలు ఉంటాయి. సభ్యత్వ రసీదు పుస్తకాలు జూలైలో తిరుగుతాయి, ఎన్నికల సమయంలో మాటలు పెరుగుతాయి. బృందంలోని వారందరూ ప్రధానోపాధ్యాయుల సంఘానికే చెందినవారైతే అది ఎంత మంచి బృందమైనా మిగతావారు దాన్ని కూటమిగానే చూస్తారు. సంఘాన్ని చూసి ఎవరినీ తీసుకోవలసిన పని లేదు గాని, తీసుకున్న తర్వాత ఒకసారి ఆ కోణం నుంచి కూడా చూసుకోవడం మంచిది. మా దగ్గర ఇద్దరి మధ్య ఈ విషయంలో చాలాకాలంగా మాటలు లేవు. బృందంలో పక్కపక్కన కూర్చున్నాక స్నేహితులయ్యారని నేను చెప్పను. కాని పదో తరగతి ప్రత్యేక తరగతుల జాబితా గురించి మాట్లాడుకోక తప్పదు కనుక మాట్లాడుకుంటున్నారు, అంతవరకు చాలు.

బృందంలో భిన్నాభిప్రాయం వచ్చినప్పుడు ఎవరి మాట చెల్లాలన్నది మొదటే తేల్చుకోవడం మరొక అవసరం. 2026 జనవరి 28 నుంచి 31 వరకు మేడారం జాతర జరిగింది. మా ఊరు జాతర బస్సులు పోయే దారిలోనే ఉంది. ఆ వారం పిల్లలు రారన్నది అందరికీ తెలుసు, మార్చిలో పదో తరగతి పరీక్షలన్నదీ తెలుసు. జాతరకు ముందు వారంలోనే స్లిప్ టెస్టులన్నీ ముగించాలని నేను వాదించాను. సీనియర్ సార్ అందుకు ఒప్పుకోలేదు. జాతరకు ముందు వారం కూడా ఇళ్లల్లో బంగారమని పిలిచే బెల్లం తూకాలు, మొక్కులు, చుట్టాల రాక ఉంటాయి కాబట్టి పిల్లల మనసు పుస్తకం మీద ఉండదనీ, జాతర తర్వాత పది రోజులు పొద్దున, సాయంత్రం గట్టిగా చదివించి అప్పుడు టెస్టు పెట్టాలనీ అన్నారు. విద్యా విషయాల్లో చివరి మాట ఆయనది అని ఆర్డర్ బుక్‌లో రాసి ఉంది, ఆయన చెప్పినట్టే చేశాము. ప్రధానోపాధ్యాయుల దగ్గరికి ఈ వాదన వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఆయన ఇద్దరిలో ఒకరి పక్షం వహించవలసి వచ్చేది, ఓడిన వారి మనసులో అది ఏడాదంతా ఉండేది. చివరి మాట ఎవరిదో ముందుగా తెలిసినప్పుడు వాదనలో గెలుపు, ఓటముల బరువు తగ్గుతుంది. డబ్బు చెల్లింపులు, సిబ్బందిపై క్రమశిక్షణ చర్యలు, వారి సెలవులు, పై కార్యాలయాలతో ఉత్తరప్రత్యుత్తరాలు మాత్రం ప్రధానోపాధ్యాయుల చేతిలోనే ఉండాలి. చట్టప్రకారం జవాబుదారీ ఆయనే కనుక దాన్ని పంచడం కుదరదు, పంచామని చెప్పుకోవడం ప్రమాదకరం కూడా.

ఉన్నత పాఠశాల బృందాన్ని ఉన్నత పాఠశాల ప్రహరీ లోపలే ఆపేయడం మనం తరచుగా చేసే పని. ఆరో తరగతిలో చేరే పిల్లలు మన పక్కనున్న ప్రాథమిక పాఠశాల నుంచే వస్తారు, చాలా ఊళ్లలో రెండు బడులూ ఒకే ఆవరణలో ఉంటాయి. ప్రాథమిక స్థాయిలో చదవడం, రాయడం, లెక్కలు చేయడం కోసం 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది, పై తరగతులకు ఆ తర్వాత ఉన్నతి వచ్చింది. రెండు కార్యక్రమాల పట్టికలూ రెండు బీరువాల్లో ఉంటాయి, ఒక దానిలోనిది మరొక దానికి తెలియదు. ఏప్రిల్‌లో ఐదో తరగతి ఉపాధ్యాయురాలిని మా బృందం సమావేశానికి పిలిచి, ఒక్కొక్క పిల్లవాడి గురించి ఆమె చెప్పింది రాసుకోవడం మొదలుపెట్టాము. వీడికి గుణింతాలు వచ్చు గాని ఒత్తులు తడబడతాడు, ఈ పిల్లకు కళ్లద్దాలు కావాలి, ఈ బాబు అమ్మమ్మ దగ్గర ఉంటాడు కాబట్టి ఫోన్ నంబరు వేరే అని ఆమె చెప్పిన మాటలు ఏ పోర్టల్‌లోనూ దొరకవు. 1964-66 మధ్య పనిచేసిన కొఠారీ కమిషన్ ఒక ఉన్నత పాఠశాలనూ చుట్టుపక్కల ప్రాథమిక బడులనూ కలిపి స్కూల్ కాంప్లెక్సుగా చూడాలని చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా మళ్లీ ఆ మాటే అంది. మన రాష్ట్రంలో కాంప్లెక్సులు ఉన్నాయి, వాటి సమావేశాలూ జరుగుతాయి. అయితే అక్కడ ఎక్కువ సమయం సర్క్యులర్లు చదవడానికే పోతుంది. ఆవరణ దాటి పది అడుగులు నడిస్తే దొరికే సమాచారం కోసం అంత దూరం పోనవసరం లేదు.

తల్లుల విషయం క్లుప్తంగా చెబుతాను. 2024లో పాత యాజమాన్య కమిటీల స్థానంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు వాటికి అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయులు సభ్య కన్వీనరు. మరమ్మతుల పనులు, నీళ్లు, మరుగుదొడ్లు ఆ కమిటీ ద్వారా జరిగాయి. మా అనుభవంలో ఆ తల్లులు బాగా చూడగలిగేది మధ్యాహ్న భోజనం. తలకు 150 గ్రాముల బియ్యం అంటే గిన్నెలో అన్నం ఎంత కావాలో వారికి కాగితం చూడకుండానే తెలుసు. గుడ్డు ఇవ్వవలసిన రోజున ఇవ్వకపోతే అడగడానికి ఉపాధ్యాయులు మొహమాటపడతారు, వారు పడరు. బృందంలోని ఒకరు నెలకోసారి వారితో కూర్చుంటే సరిపోతుంది. ప్రతి చిన్న విషయానికీ వారిని పిలిస్తే కూలి పోగొట్టుకుని రావలసి వస్తుంది కనుక ఎవరూ రారు.

శిక్షణ గురించి నాకు ఒక అసంతృప్తి ఉంది. విద్యా ప్రణాళిక, పరిపాలనల జాతీయ సంస్థ అయిన నీపాలో పాఠశాల నాయకత్వం కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం పనిచేస్తోంది, రాష్ట్రాల్లో దాని శిక్షణలు విద్యా పరిశోధన మండలుల ద్వారా జరుగుతాయి. అవి దాదాపుగా ప్రధానోపాధ్యాయుల కోసమే ఉంటాయి. ఆయన ఐదు రోజులు శిక్షణ పొంది వచ్చి, మాకు అరగంటలో చెప్పి, ఫైలు బీరువాలో పెడతారు. ఒక బడి నుంచి ముగ్గురిని కలిపి పిలిచి, వారి సొంత బడి హాజరు పట్టికనూ టైంటేబుల్‌నూ ముందు పెట్టి మాట్లాడించే శిక్షణ హనుమకొండలోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ డైట్‌లో రెండు రోజులు జరిగినా అంతకంటే ఎక్కువ పని చేస్తుందని నాకు అనిపిస్తుంది. ఇది పెద్ద ఖర్చు కాదు, దీనికి కొత్త పోస్టులూ అవసరం లేదు.

ఇవన్నీ రాసిన తర్వాత కూడా తేలని సమస్య ఒకటి ఉంది. ఇంతవరకు చెప్పిన పద్ధతి అంతా ఒక ప్రధానోపాధ్యాయుల సుముఖత మీద నిలబడింది. బదిలీల్లో ఆయన వెళ్లిపోతే, వచ్చేవారికి బుధవారం ఆరో పీరియడ్ అనవసరమైన వృథాగా కనిపించవచ్చు, ఆర్డర్ బుక్‌లో ఉన్న ఐదు పేర్లు తిరిగి ఇన్‌చార్జీల జాబితాగా మారవచ్చు. అందుకే బృందం తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ ఎవరు, ఎందుకు తీసుకున్నారన్న వివరంతో ఒక మినిట్స్ రిజిస్టరులో రాస్తున్నాము. పత్తి కాలంలో ఏం చేశామో, జాతర వారంలో ఏ వాదన నెగ్గిందో, తర్వాత మార్కులు ఎలా వచ్చాయో అందులో ఉంది. ఆ రిజిస్టరును కొత్తగా వచ్చేవారికి బీరువా తాళాలతో పాటు ఇవ్వాలన్నది మా అందరి నిర్ణయం. దానికి తోడుగా శాఖ నుంచి రెండే రెండు విషయాలు కోరుతూ ఒక వినతిపత్రం తయారు చేశాము. 150 మందికి పైబడి పిల్లలున్న ప్రతి ఉన్నత పాఠశాలలో బృంద సభ్యులకు వారానికి రెండు పీరియడ్ల బోధన భారం తగ్గించాలన్నది మొదటిది. ఎంఈవోగా అదనపు బాధ్యత ఉన్న ప్రధానోపాధ్యాయుల బడిలో, ఆయన లేని రోజుల్లో ఎవరు ఏ నిర్ణయం తీసుకోవచ్చో ప్రొసీడింగ్స్, అంటే అధికారిక ఉత్తర్వు రూపంలో రాసి ఇవ్వాలన్నది రెండోది. సంఘాల నాయకులు దాన్ని తమ తమ లెటర్‌హెడ్ మీదే పంపాలని పట్టుబట్టడంతో వినతిపత్రం ఇంకా నా సంచిలోనే ఉంది. వచ్చే బుధవారం సమావేశంలో మొదటి అంశం అదే.